మోడు దగ్గర ఆగిపోయిన మా ఆయన: టస్కనీలో ఆరు రోజులు

మా ఆయన అటవీ శాఖలో రేంజర్‌గా చేసి రిటైరయ్యారు. సర్వీసులో సగం నల్లమలలోనే గడిచింది. నేను డ్రాయింగ్ టీచర్‌ని. అందుకే మేమిద్దరం ఏ ఊరికి వెళ్లినా పేచీయే. నేను గుడి గోడ మీద బొమ్మ చూస్తుంటే, ఆయన గుడి వెనక చెట్టు ఏ జాతో చూస్తుంటారు. ఈసారి ఇద్దరికీ కుదిరే సంగతి ఒకటి దొరికింది. పునరుజ్జీవన కాలంలో ఇటలీ చిత్రకారులు అడవిలో ఒంటరిగా ఉండే క్రైస్తవ మునుల్ని విపరీతంగా గీశారు. ఆ బొమ్మలు టస్కనీ ప్రాంతంలోని ఫ్లోరెన్స్‌లో ఉన్నాయి. ఆ మునులు నిజంగా ఉన్న అడవి అక్కడికి దగ్గర్లోనే ఉంది. "బొమ్మలు నీకు, అడవి నాకు" అని ఒప్పందం చేసుకుని బయల్దేరాం. తిరిగొచ్చి వారం కూడా కాలేదు. మర్చిపోకముందే రాసేస్తున్నాను.

అక్టోబరు 3, ఫ్లోరెన్స్

ఉఫీజీ గ్యాలరీలో టికెట్ మనిషికి ఇరవై ఐదు యూరోలు. లోపలికి వెళ్లగానే జనమంతా బొత్తిచెల్లి గీసిన వీనస్ బొమ్మ వైపు పరుగు. మేం వెతుక్కుంటూ వెళ్లింది 'తెబాయిదే' అనే చెక్క పలక కోసం. రెండు మీటర్లు దాటిన పొడవు, ముప్పావు మీటరు ఎత్తు. సుమారు 1420 నాటిది. ఒకప్పుడు స్తార్నీనా గీశాడనేవారు, ఇప్పుడు ఫ్రా ఆంజెలికో పేరు పెడుతున్నారు.

తెబాయిద్ అంటే ఈజిప్టులో నైలు నది పక్కన ఎడారి. తొలినాటి క్రైస్తవ మునులు ఊళ్లు వదిలి వెళ్లింది అక్కడికే. పలక అంతా బొమ్మల కొలువులా ఉంది. కొండ గుహలు, బుల్లి గుళ్లు, గడ్డాల ముసలాళ్లు, మధ్యమధ్య జంతువులు, కింద నదిలో పడవలు. ఒక కథ అని లేదు, చిన్న చిన్నవి బోలెడు. నేను ముక్కు ఆనించేంత దగ్గరికి వెళ్లి గార్డు చేత తిట్లు తిన్నాను.

మా ఆయన ఒకటే అడిగారు: "ఎడారి అన్నావు. ఈ చెట్లేంటి?"

ప్రశ్న న్యాయమైనదే. గీసినవాడు ఈజిప్టు చూడలేదు, వాడికి తెలిసినవి టస్కనీ కొండలు. కానీ అదొక్కటే కారణం కాదు. మునివాసాన్ని ఇటలీలో 'ఎరెమో' అంటారు. ఆ మాటకి మూలమైన గ్రీకు మాటకి అర్థం నిర్జన ప్రదేశం, ఎడారి. యూరప్‌లో ఇసుక ఎడారి ఎక్కడుంది? మనిషి లేని చోటు కావాలంటే అడవికే పోవాలి. అలా వాళ్ల ఎడారి అడవైపోయింది. మన 'అరణ్యం' కూడా మొదట్లో చెట్లున్న చోటని కాదు, ఊరు కాని చోటు, మనది కాని చోటు. ఇది చెప్తే ఆయన తలూపారు. "మా రికార్డుల్లోనూ అంతే. చెట్టు ఒక్కటీ లేకపోయినా రిజర్వ్ ఫారెస్టే" అన్నారు.

అక్కడే ఫ్రా ఫిలిప్పో లిప్పి గీసిన బొమ్మ ఒకటుంది. చీకటి అడవిలో నేల మీద పసి యేసు, పక్కన మోకరిల్లిన మరియ, కింద ఒక మూల తెల్ల గడ్డపు ముని. ఆయన రొముఆల్దో, రెండు రోజుల తర్వాత మేం వెళ్లబోయే కమాల్దోలి మునివాసం స్థాపించినవాడు. అప్పట్లో ఫ్లోరెన్స్‌ని ఏలిన మెదిచీ ఇంటి కోడలు లుక్రేజియా తోర్నబువోని, కమాల్దోలిలో తమ కుటుంబం కట్టించిన గది కోసం 1463 ప్రాంతంలో దీన్ని గీయించింది. ఇంత ఏకాంతాన్ని గీసిన లిప్పి మాత్రం సన్యాసిగా ఉండి ఒక నన్‌ని లేవదీసుకుపోయినవాడు. వాళ్ల కొడుకు ఫిలిప్పీనో కూడా పెద్ద చిత్రకారుడే అయ్యాడు.

బయటికొచ్చాక కాఫీ బార్‌లో నిలబడి తాగితే యూరో ముప్పై సెంట్లు, కూర్చుంటే నాలుగు యూరోలు. తెలీక కూర్చున్నాం.

అక్టోబరు 4, ఫ్లోరెన్స్

పొద్దున్న పండ్ల కొట్లో చిన్న అవమానం. అంజూర పండు నొక్కి చూడబోయాను. కొట్టామె "నో, నో, సిన్యోరా" అని నా చెయ్యి పక్కకి తీసింది. ఇక్కడ పండ్లు మనం ముట్టుకోకూడదు, అడిగితే వాళ్లే ఏరి ఇస్తారు. ముందు 'బువోన్ జోర్నో' అని పగటి పలకరింపు చెప్పాలి, తర్వాతే బేరం. మా ఆయన ఈ రెండో ముక్క పట్టుకుని ఆ రోజంతా కనబడ్డ ప్రతి గుమ్మంలోనూ బువోన్ జోర్నో చెప్పారు, మ్యూజియం క్లోక్ రూమ్‌తో సహా.

మెదిచీల పాత భవనంలో ఒక చిన్న పూజగది ఉంది. గోడల నిండా బెనొజ్జో గొజ్జోలి 1459లో మొదలుపెట్టిన బొమ్మలు, పసి యేసుని చూడబోయిన ముగ్గురు జ్ఞానుల ఊరేగింపు. గుర్రాలు, జరీ బట్టలు, పెళ్లివారి సందడి. కొద్దిమందినే లోపలికి వదులుతారు, కాసేపటికే పొమ్మంటారు. ఆ సందడంతా వెళ్లి ఆగేది మాత్రం చిమ్మచీకటి అడవి దగ్గర. పీఠం మీదున్నది లిప్పి గీసిన మరో అడవి బొమ్మ. అసలుది బెర్లిన్‌కి పోయింది, ఇక్కడున్నది పాతకాలం నకలు. పైన ఎడమవైపు చెట్ల మధ్య ఒక ముసలి ముని దణ్ణం పెడుతుంటాడు.

మా ఆయన ముని వైపు చూడలేదు, మరియ వైపూ చూడలేదు. "ఇది కూపు కదా!" అన్నారు.

కూపు అంటే అటవీ శాఖ లెక్క ప్రకారం నరికే ముక్క. నిజమే, బొమ్మ నిండా నరికిన మోడులు. ఇన్నేళ్లుగా పుస్తకాల్లో చూస్తున్నా నేను వాటిని రాళ్లలాగే చూసి వదిలేశాను. ఆ మోడులకి పండితులు చెప్పే అర్థం ఒకటుంది. బాప్తిస్మమిచ్చే యోహాను బోధలో ఒక మాట వస్తుంది: గొడ్డలి చెట్ల వేరు దగ్గరే ఉంది, మంచి కాయ కాయని చెట్టు నరకబడి మంటల్లో పడుతుంది. బొమ్మలో పిల్లవాడిగా నిలబడ్డది ఆ యోహానే. బెర్లిన్‌లో ఉన్న అసలు బొమ్మలో గొడ్డలి కామ మీద లిప్పి తన పేరు రాసుకున్నాడు. పాపిని నరికే గొడ్డలి మీద తన పేరు! నన్‌ని లేవదీసుకుపోయినవాడి పశ్చాత్తాపమని నేననుకున్నాను.

"పశ్చాత్తాపమో ఏమో, కొన్ని నరికి కొన్ని వదిలారు చూడు. వదిలింది లెక్క ప్రకారం వదిలారు. పాపం మీద కోపంతో నరికితే ఇలా నరకరు" అన్నారాయన. అప్పటికి నవ్వేశాను.

మధ్యాహ్నం కేథడ్రల్ మ్యూజియంలో దొనతెల్లో చెక్కిన మగ్దలేనా. చెక్క బొమ్మ. యేసు తల్లి మరియ కాదు, అడవుల్లో, గుహల్లో ఏళ్ల తరబడి ఒంటరిగా ఉన్నదని చెప్పే శిష్యురాలు మరియ. పళ్లూడి, చెంపలు లోతుకుపోయి, ఒంటి మీద బట్టకి బదులు జుట్టే కప్పుకుని నిలబడింది. నాకు మన శ్రీశైలం అక్కమహాదేవి గుర్తొచ్చింది. 1966 వరదల్లో ఈ బొమ్మ దెబ్బతింది, బాగు చేసేటప్పుడు జుట్టులో బంగారు రంగు బయటపడిందట. అంత ఎండిన మనిషికి జుట్టు మాత్రం బంగారం! మగ మునులకి అందరూ కాకి, సింహం, పుస్తకం తోడిచ్చారు. ఈమెకి ఏమీ లేదు, జోడించీ జోడించని రెండు చేతులు తప్ప. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఈ ఆరు రోజుల్లో నేను చూసిన అన్నిటిలోకీ గొప్పది ఇదే.

అక్టోబరు 5, కమాల్దోలి

అరెత్సో నుంచి చిన్న రైల్లో బిబ్బియేనా, అక్కణ్ణించి బస్సు. బస్సు రావాల్సిన టైముకి రాలేదు, అసలు రాలేదు. శనివారం మధ్యాహ్నం, స్టాపులో మేం, ఇంకొక ముసలమ్మ. ఆమె ఫోన్ తీసి ఎవరినో తిట్టింది. ఇరవై నిమిషాల్లో ఆమె మేనల్లుడు పాత పాండా కారేసుకుని వచ్చాడు. మమ్మల్ని కూడా ఎక్కమంది. ఆమె దిగింది దారిలో, అయినా అతను మమ్మల్ని కొండ మీది మఠం దాకా దింపాడు. పెట్రోలు డబ్బులిస్తే తీసుకోలేదు. మా దగ్గరున్న నువ్వుండల పొట్లం మాత్రం తీసుకున్నాడు.

కమాల్దోలిలో రెండు చోట్లున్నాయి. కింద మఠం, సుమారు మూడు కిలోమీటర్లు పైకెక్కితే మునివాసం. కింద అందరూ కలిసి ఉంటారు, పైన ఎవరి కుటీరం వారిది. ఒకే పాత్రలో తాగుతున్న రెండు పక్షులు వీళ్ల గుర్తు. ఒకటి మఠం, ఒకటి మునివాసం. మఠం చర్చిలో జోర్జో వసారి పాతికేళ్లు దాటిన కొత్తలో గీసిన చిత్రాలున్నాయి. 1537లో తన పోషకుడు, ఫ్లోరెన్స్ డ్యూక్ అలెస్సాండ్రో హత్యకి గురైతే, కుర్రాడు దిగులుపడి ఈ అడవికొచ్చి తేరుకున్నాడు. బొమ్మలు నాకంత నచ్చలేదు. అడవికొచ్చి కూడా నగరం లాగే గీశాడు.

పక్కనే పాత మందుల కొట్టు. చెక్క అల్మారాలు, పింగాణీ జాడీలు. ఇప్పుడు సబ్బులు, తేనె, మూలికల సారాయి అమ్ముతున్నారు. సబ్బు ఆరు యూరోలు.

రాత్రి భోజనం బంగాళదుంప కూరిన తోర్తెల్లి అనే పాస్తా. ఈ లోయ వంటకం. మాంసం వద్దన్నానని వెన్న, సేజ్ ఆకు వేసి తెచ్చారు. ప్లేటు పదకొండు యూరోలు, కూర్చున్నందుకు 'కోపెర్తో' అని మనిషికి రెండు. రొట్టెలో ఉప్పు లేదు, టస్కనీ అంతా అంతే. మొదటి ముద్దకి ఏదో మర్చిపోయారనుకుంటాం. మా ఆయన జేబులోంచి నల్లకారం డబ్బా తీశారు. వడ్డించే కుర్రాడు రొట్టె ముక్క అద్దుకుని తిని, కళ్లలో నీళ్లతో "బువోనో", అంటే బాగుంది, అన్నాడు. పాపం, మర్యాదస్తుడు.

రాత్రి పదకొండింటికి కిటికీ బయట ఒక అరుపు. నేను లేచి కూర్చున్నాను. ఆయన అప్పటికే చొక్కా వేసుకుని మెట్ల దగ్గరున్నారు. మగ దుప్పులు జతకట్టే కాలం, లోయకి అటూ ఇటూ నిలబడి పోటీగా అరుస్తున్నాయి. "మన కణుజు కంటే గొంతు లోతు" అన్నారు. మునుల బొమ్మల్లో జింకలు పిల్లుల్లా కాళ్ల దగ్గర పడుకుని ఉంటాయి. మనిషి పాపం చేయకముందు జంతువులు మనిషికి భయపడలేదనీ, ముని ఆ స్థితికి తిరిగి చేరుకున్నాడనీ ఆ బొమ్మలకి అర్థం. ఆ అరుపు విన్నాక అదెంత పెద్ద కోరికో తెలిసింది.

అక్టోబరు 6, మునివాసం

పైకి నడిచే వెళ్లాం. చెట్ల మీద ఎరుపు తెలుపు గుర్తులుంటాయి, అవి చూసుకుంటూ పోవాలి. కబుర్లలో పడి ఒక మలుపు దగ్గర గుర్తు వదిలేసి, వెడల్పాటి బండి బాట పట్టాం. అరగంట తర్వాత బాట ఆగిపోయింది. అక్కడ పేర్చిన దుంగలు, తాజా రంపపు పొట్టు వాసన, నేల మీద మోడులు.

నాకు టెన్షన్. ఆయనకి పండగ. మోకాళ్ల మీద కూర్చుని వలయాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నూట పది దాకా వచ్చి మధ్యలో లెక్క తప్పారు. చుట్టూ ఉన్నవి వెండి ఫర్ చెట్లు, నిటారుగా స్తంభాల్లా. "ఇవి టేకు లాంటివి కాదు, మోడు నుంచి పిలక రాదు. నరికావంటే మళ్లీ నాటాల్సిందే. వెయ్యేళ్లుగా ఇక్కడ ఈ అడవి ఉందంటే ఎవరో కూర్చుని నాటుతూనే ఉన్నారన్నమాట" అన్నారు.

ఎవరో కాదు, మునులే. ఈ అడవి వాళ్లది. ఏ చెట్టు నరకాలి, ఎన్ని నాటాలి అన్నది వాళ్ల మఠం నియమాల్లోనే రాసుకున్నారు. ఇక్కడి దుంగలు ఓడల తెరచాప కొయ్యలకి పోయేవి. ఇటలీ ప్రభుత్వం 1866లో మఠాల ఆస్తులు తీసుకున్నప్పుడు అడవి వాళ్ల చేతిలోంచి పోయింది. ఇప్పుడు నేషనల్ పార్కు. లిప్పి ఇదంతా ఎరిగే మోడులు గీశాడని నేను రుజువు చేయలేను. కానీ ఆ మోడుల మధ్య నిలబడ్డాక, అది పాపికి హెచ్చరిక మాత్రమే అంటే నేనిక ఒప్పుకోను. రొముఆల్దో మనుషులు పొద్దున ప్రార్థన చేసి పగలు గొడ్డలి పట్టిన వాళ్లు. నేను వెనక్కి తిరిగి "ఏమండీ, మీరన్నదే నిజం" అన్నాను. ముప్పై ఏళ్ల కాపురంలో ఈ మాట ఎన్నిసార్లన్నానో ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి చూపించారు. ఒక చెయ్యి చాలింది.

ఒక కాయ ఇంటికి తీసుకెళ్దామన్నాను. ఈ జాతి కాయ చెట్టు మీదే విడిపోతుందట, నేల మీద పొలుసులే దొరుకుతాయి. ఆయన రెండు పొలుసులు తీసి చూసి, మళ్లీ అక్కడే పడేశారు.

వెనక్కి నడిచి అసలు దారి పట్టుకుని మునివాసం చేరేసరికి మధ్యాహ్నమైంది. పదకొండో శతాబ్దం మొదట్లో రొముఆల్దో ఇక్కడ ఐదు కుటీరాలు, ఒక చిన్న గుడి కట్టాడు. ఇప్పుడు రాతి కుటీరాలు వరసల్లో ఉన్నాయి, ఒక్కోదానికి గోడ, బుల్లి తోట. అటు వెళ్లనివ్వరు. చూడనిచ్చేది రొముఆల్దో కుటీరం ఒక్కటే. లోపల చెక్క మంచం, చదువుకునే బల్ల, ప్రార్థనకి చిన్న గది, కట్టెల గది. చలి గదిలోకి రాకుండా చుట్టూ వసారా తిప్పారు. నత్త గుల్లలా ఉంది. రొముఆల్దో శిష్యులకి చెప్పింది కొద్ది వాక్యాలే. నీ గదిలో స్వర్గంలో కూర్చున్నట్టు కూర్చో అని మొదలై, తల్లి పెడితే తప్ప తినని కోడిపిల్లలా ఉండు అని ముగుస్తుంది.

గుమ్మం దగ్గర తెల్ల అంగీ వేసుకున్న ఒక పెద్దాయన మా మొహాలు చూసి "ఇండియా? శాంతివనం!" అన్నారు. తమిళనాడులో కుళితలై దగ్గర, కావేరి ఒడ్డున, 1950లో మొదలైన ఆ ఆశ్రమం 1980ల్లో కమాల్దోలి సంప్రదాయంలో చేరింది. అక్కడివాళ్లు కాషాయం కడతారు, ఇక్కడ తెలుపు. మేం ఇంత దగ్గర్లో ఉండి వెళ్లలేదని చెప్పడానికి సిగ్గేసి, వెళ్లినట్టు తలూపాను. మా ఆయన "వెళ్లలేదండీ" అని తెలుగులో నిజం చెప్పేశారు. ఆ పెద్దాయనకి అర్థమైనట్టే ఉంది, నవ్వారు.

అక్టోబరు 7, లా వెర్నా

అస్సీసి ముని ఫ్రాన్సిస్‌కి 1224లో, శిలువ మీద క్రీస్తుకైన గాయాల్లాంటివే ఒంటి మీద కలిగాయని చెప్పే కొండ. చీలిన బండలు, వాటి మధ్య తడి చీకటి, ఆయన పడుకున్నాడనే రాయి మీద ఇనుప జాలీ. చిత్రకారులు ఈ ఘట్టంలో కొండనీ చెట్లనీ గీయకుండా ఉండరు, ఇక్కడికొస్తే ఎందుకో తెలుస్తుంది. గుళ్లలో ఆంద్రెయా దెల్లా రొబ్బియా నీలం, తెలుపు మెరుగు పెట్టిన మట్టి బొమ్మలు. చెమ్మకి కుడ్యచిత్రమైతే ఎప్పుడో రాలిపోయేది. బస్సుల్లో వచ్చిన జనం చాలామంది. ఏకాంతానికి ఎంచుకున్న చోట పార్కింగ్‌కి క్యూ. మాకు కమాల్దోలి నిశ్శబ్దం అలవాటైపోయి ఇక్కడ రెండు గంటలు ఉండలేకపోయాం. బయట బల్ల మీద ఒకామె చెస్ట్‌నట్ పిండి రొట్టె అమ్ముతోంది, ముక్క మూడు యూరోలు. తీపి లేని తీపి. నాకు నచ్చింది, ఆయన సగం నాకిచ్చేశారు.

అక్టోబరు 8, పీసా

వాలిన గోపురం దగ్గర అందరూ చేతులు చాపి ఫొటోలు తీసుకుంటున్నారు. మేం దాని పక్కన పొడవాటి పాలరాతి గోడ లోపలికి వెళ్లాం. కాంపోసాంతో, పాత శ్మశానం. 1944 జులై 27న గుండు పడి కప్పు అంటుకుంది. కరిగిన సీసం గోడల మీదుగా కారి కుడ్యచిత్రాలు పాడయ్యాయి. మిగిలినవి గోడ నుంచి ఊడదీసి దశాబ్దాల పాటు బాగు చేశారు. 'మృత్యు విజయం' 2018లో తిరిగి గోడెక్కింది. బుఫల్మాక్కో గీశాడని చెబుతారు, సుమారు 1340. నేను చూసిన మిగతా బొమ్మలన్నిటికీ తాత లాంటిది.

ఎడమవైపు షికారుకి వెళ్లే దొరలు మూడు శవపేటికల ముందు ఆగిపోయారు. ఒక గుర్రం మెడ చాపి వాసన చూస్తోంది. ఒక ముని చీటీ పట్టుకుని వాళ్లకి ఏదో చెప్తున్నాడు. పైన కొండ మీద మాత్రం గొడవ లేదు, చావు అటు రాదు. ముసలి మునులు చదువుకుంటున్నారు, కర్ర మీద ఆనుకుని నిలబడ్డారు. ఒకాయన జింక పాలు పితుకుతున్నాడు.

ఆ పక్కన ఎడారి మునుల కథలు. పాల్ అనే తొలి మునికి కాకి రోజూ అర రొట్టె తెచ్చేది. ఆంథోనీ చూడ్డానికొచ్చిన రోజు పూర్తి రొట్టె తెచ్చింది. ఎవరు విరవాలన్న దగ్గర ఇద్దరు ముసలాళ్లూ "మీరు పెద్దవారు", "మీరు అతిథి" అంటూ సాయంత్రం దాకా మొహమాటపడి, చివరికి చెరో కొస పట్టుకుని లాగారు. ఇది మన పెళ్లిపంక్తిలో జరిగే కథే. మా ఆయనకి చెప్పాలని వెనక్కి తిరిగాను.

ఆయన ఇంకా జింక దగ్గరే ఉన్నారు. "పాలిస్తోందంటే ఈనిన జింక. పిల్ల ఏదీ?" అన్నారు.

ఇద్దరం వెతికాం. కళ్లద్దాలు తుడుచుకుని ఆయన ఒకసారి, నేనొకసారి. మూసే వేళైందని గార్డు వచ్చి చేతి గడియారం చూపించాడు. రంగు రాలి ఉత్త సున్నం మిగిలిన చోటొకటి చూపించి, "ఇక్కడ ఉండి ఉంటుంది" అన్నారాయన. గార్డుకి బువోన్ జోర్నో చెప్పి బయటికి నడిచారు. సాయంత్రమైంది, బువోన సేరా అనాలి. నేను దిద్దలేదు.